రంగంలో పోయిన చాచా పేరు ఏ జాబితాలో ఉన్నది?

కోస్తా జిల్లాల్లో పాతకాలపు కుటుంబాల పెద్దలను కాసేపు కదిలిస్తే రంగం మాట రాక మానదు. రంగం అంటే రంగూన్. కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుంచి ఓడలెక్కి మన జిల్లాల వారు బర్మాకు వెళ్లి, అక్కడి రేవులో మూటలు మోశారు, ధాన్యపు మిల్లుల్లో పనిచేశారు, బళ్లు లాగారు. అక్కడివారు తెలుగు కూలీలను కోరంగీలని పిలిచేవారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు పేరే అలా ఒక జాతి పేరయింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైగా ఉన్నారు. రంగూన్ నగరంలోనైతే సగానికి మించి భారతీయులే. అలా వెళ్లిన తెలుగువారిలో మన ముస్లిం కుటుంబాలు తక్కువే గాని లేకపోలేదు. కుట్టుపని, చిల్లర దుకాణం, ఓడల మీద పని చేసుకుంటూ బతికినవారు వారు.

ఆ నగరం మీద జపాన్ విమానాలు మొదటిసారి బాంబులు వేసింది 1941 డిసెంబరు 23న. రెండోసారి రెండు రోజుల తరువాత, క్రిస్మస్ నాడు. మొదటిరోజు పగటిపూట విమానాలు వచ్చినప్పుడు జనం కందకాలలోకి దిగలేదు. వీధుల్లో నిలబడి తలలెత్తి ఆకాశం వంక చూశారు. అంతకుముందు ఎన్నడూ అటువంటిది చూసి ఎరుగరు. ముక్కలై చెదిరే బాంబులు ఆ జనం మధ్యనే పడ్డాయి. మృతుల సంఖ్య వెయ్యి నుంచి రెండు వేల పైచిలుకు దాకా ఉంటుందని వేరువేరు అంచనాలున్నాయి. వారిలో ఎక్కువమంది భారతీయులు, అందులోనూ రేవు పరిసరాల్లో ఉండే కూలీనాలీ జనం.

ఆ రోజు చూడటానికి కాకుండా పని మీద వీధిలోకి వచ్చినవారు కొందరున్నారు. ఏ.ఆర్.పి. వాలంటీర్లు. వైమానిక దాడుల నుంచి పౌరులను కాపాడటానికి నాటి ప్రభుత్వం ఏర్పరచిన దళమది. రాత్రివేళ దీపాలు బయటికి కనపడకుండా చూడటం, సైరన్ మోగితే జనాన్ని లోపలికి పంపటం, నిప్పంటుకుంటే ఇసుక, నీళ్లు చల్లటం, గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చటం వారి పని. తుపాకీ లేదు, సైనికుడి హోదా లేదు. మేము ఈ వ్యాసం రాయటానికి కారణం అటువంటి ఒక వాలంటీరు, ఆయన కుటుంబం.

ఆ కుటుంబం పేరు ఇక్కడ రాయటం లేదు. వారి అనుమతి లేక కాదు, ఇది ఒక్క కుటుంబం కథ కాదు కనుక. పెన్షన్ల దరఖాస్తులు, ఆధార్‌లో పేర్ల సవరణలు వంటి పనుల మీద ఇల్లిల్లూ తిరిగే మాకు ఆ ఇంటి పెద్దావిడ పరిచయమయ్యారు. మేమంతా ఆమెను ఖాలా అని పిలుస్తాము. వయస్సు 88. రంగూన్‌లో పుట్టారు, బాంబులు పడిన నాటికి నాలుగేళ్లు. వాలంటీరుగా పనిచేసింది ఆమె చాచా, అంటే తండ్రికి తమ్ముడు. అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక కుట్టుమిషను దుకాణం ఉండేది. చాచాకు అప్పటికి ఇరవయ్యో ఇరవై రెండో. పెళ్లి కాలేదు. సైరన్ మోగగానే గొందిలోకి వెళ్లి, గుంపులుగా నిలబడిన జనాన్ని ఇళ్లల్లోకి పొమ్మని, గోడల పక్కన పడుకోమని అరుస్తూ తిరిగాడట. రెండో గొంది మలుపు తిరిగాక మళ్లీ ఎవరికీ కనపడలేదు. మృతదేహం ఇంటికి రాలేదు. జనాజా నమాజు జరిగిందో లేదో తెలియదు. పోయినవారిని ఒకేచోట పూడ్చారని మాత్రం విన్నారు.

ఇదంతా ఖాలా స్వయంగా చూసినది కాదు. తల్లి చెప్పగా విన్నది. తండ్రి మాత్రం తమ్ముడి మాట జీవితంలో ఎత్తలేదట. ఎవరైనా ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడట.

ఒక కుటుంబం జ్ఞాపకం ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆశ్చర్యం కలగదు గాని, ఈ కథకు రెండో రూపం కూడా ఉన్నది. కాకినాడలో స్థిరపడిన మరో శాఖవారు ఆయన పోయింది క్రిస్మస్ నాటి దాడిలోనని, గాయపడినవారిని మోస్తుండగానని చెబుతారు. అంతేకాదు, ఆయన ఊరికే చేయలేదు, నెలకు కొంత ముట్టేదని కూడా అంటారు. ఈ మాట వచ్చినప్పుడల్లా ఖాలా ఇంట్లో వాతావరణం వేడెక్కుతుంది. డబ్బు తీసుకున్నాడంటే ఆయన చేసిన ఖిద్మత్ తగ్గిపోతుందని వారి బాధ. ముప్పై ఏళ్లకు పైగా జీతం తీసుకుని ప్రజల పనిచేసిన మాకు ఆ బాధ అర్థం కాదు. బాంబులు పడుతున్నప్పుడు గొందిలోకి వెళ్లే మనిషి, జేబులో నాలుగు రూపాయలున్నా లేకపోయినా, వెళ్లినవాడే కదా.

తేదీ సంగతి వేరు. అది తేల్చదగినది. ఖాలా తల్లి ఎప్పుడు చెప్పినా "బక్రీదు ఇంకా వారం ఉందనగా" అనేవారట. ఆమెకు ఇంగ్లీషు నెలలు రావు. పంచాంగాలు లెక్కవేసి చూస్తే 1941లో బక్రీదు డిసెంబరు చివరి రోజుల్లో వచ్చింది. అంటే ఆ మాట 23వ తేదీకి సరిగ్గా అతుకుతుంది. 25కు అయితే వారం పట్టదు, నాలుగైదు రోజులే. చదువు రాని ఒక తల్లి, ఏ కాగితమూ చేతిలో లేకుండా, ఒక యుద్ధ సంఘటన తేదీని ఎనభై ఏళ్లపాటు నిలిపి ఉంచింది. నోటిమాట సాక్ష్యం కాదని తోసిపుచ్చే అధికారులు ఈ ఒక్క వాక్యాన్ని గమనించాలి.

ఆ తరువాత జరిగినది చరిత్ర పుస్తకాల్లో ఉన్నది. రేవు ఖాళీ అయింది, భారతీయులు లక్షల సంఖ్యలో నగరం విడిచారు. ఓడల్లో చోటు దొరకనివారు ప్రోమ్ దాకా వెళ్లి, అక్కడి నుంచి టౌంగుప్ కనుమ మీదుగా కాలినడకన అరకాన్ తీరానికి, అటునుంచి చిట్టగాంగుకు చేరారు. మరికొందరు మణిపూర్ దారి పట్టారు. మొత్తం నాలుగైదు లక్షల మంది కదిలారని, దారిలో కలరాకు, ఆకలికి బలైనవారు 10,000కు తక్కువ కారని, 50,000 కావచ్చునని చరిత్రకారుల అంచనా. 10,000కు 50,000కు మధ్య ఎంత దూరమో చూడండి. లెక్క వేసినవాడెవడూ లేడు కనుకనే ఆ దూరం. ఖాలా కుటుంబం ఆ కనుమ దాటి వచ్చింది. కుట్టుమిషను రంగూన్‌లోనే వదిలేశారు. చాచాకు ఒక ఫోటో ఉండేదట, అదీ రాలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాము. ఆయన పేరు ఎక్కడ ఉన్నది?

అదే యుద్ధంలో బ్రిటన్‌లో బాంబులకు మరణించిన పౌరుల పేర్లు సేకరించే పని నాటి ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ చేపట్టింది. ఆ సంస్థను నెలకొల్పిన ఫేబియన్ వేర్ అందుకు పట్టుబట్టాడు. సైనికులతో పాటు పౌరులకూ పట్టిక ఉండాలన్నాడు. ఏడు సంపుటాలలో సుమారు 67,000 పేర్లు చేరాయి. లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో వాటిని భద్రపరిచారు. ఆ పట్టికలో ఒక్కొక్క నమోదు రెండు మూడు పంక్తులే. పేరు, వయస్సు, చిరునామా, ఎవరి కుమారుడు లేదా ఎవరి భార్య, ఎక్కడ మరణించారు. వాలంటీరైతే ఆ సంగతి కూడా: ఎయిర్ రెయిడ్ వార్డెన్ అనో, మంటల కాపలాదారు అనో. ఆఫీసులో రిజిస్టర్లు రాసి బతికిన మాకు అంతకన్నా గౌరవప్రదమైన స్మారకం మరొకటి తోచదు. విగ్రహం లేదు, పొగడ్త లేదు. మంత్రికి రెండు పంక్తులు, పాలమ్మేవాడికి రెండు పంక్తులు.

రంగూన్ గొందిలో పోయిన కుట్టుపనివాడు కూడా అదే చక్రవర్తి ప్రజ. అదే రకం దళంలో అదే పని చేశాడు. ఆయనకు ఆ రెండు పంక్తులు దక్కలేదు. నాటి సామ్రాజ్యంలో ఈ అలవాటు కొత్తది కూడా కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో మరణించినవారి విషయంలో ఆ కమిషనే 2021 ఏప్రిల్‌లో తన తప్పు ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. భారతీయులు, ఆఫ్రికన్లు తదితరులు 45,000 నుంచి 54,000 మందిని తెల్లవారితో సమానంగా స్మరించలేదని, కనీసం 1,16,000 మందికి, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో స్మరణ గాని, కొందరికి ఏ స్మరణా గాని లేదని దాని నివేదికే చెప్పింది. వీరంతా యుద్ధంలో సైన్యానికి పనిచేసినవారు. వారికే అలా జరిగితే, సైనికుడు కాని ఒక వాలంటీరు సంగతి చెప్పనక్కరలేదు.

పోనీ, భారతదేశం తన జాబితాలో రాసుకున్నదా? బర్మాను 1937లోనే వేరు చేశారు. ఆయన పోయింది పరాయి గడ్డ మీద. మయన్మార్‌కు ఆయన వలస వచ్చిన పరాయివాడు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలోనూ చోటు లేదు, ఆయన బ్రిటిష్ ప్రభుత్వపు దళంలో ఉన్నాడు కదా. ఇందులో ఒక చిక్కుముడి కూడా ఉన్నది. బర్మా, మలయాలలో మిగిలిపోయిన భారతీయులు వేలాదిగా 1943 తరువాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు. ఆ ఫౌజు జపానుకు మిత్రపక్షం. జపాను బాంబుకు పోయినవాడిని ఆ ఊరేగింపులో ఏ వరుసలో నిలబెడతారు? ఏ జెండా కిందా ఇమడని చావు అది.

రంగూన్‌తో మనకు మరో సంబంధం ఉన్నదని పాఠకులకు తెలుసు. బహదూర్ షా జఫర్ 1862లో అక్కడే ఖైదులో కన్నుమూశారు. సమాధి ఆనవాలు మిగలకుండా ఖననం చేశారు. అసలు సమాధి 1991లో తవ్వకాలలో బయటపడింది. చక్రవర్తి సమాధికే నూట ముప్పై ఏళ్లు పట్టింది.

రెండేళ్ల క్రితం మా ప్రాంతంలో కొందరు మిత్రులు ముస్లిం త్యాగధనుల పేర్లతో ఒక చిన్న పుస్తకం వేయ తలపెట్టారు. మంచి సంకల్పమే. మేమే వారికి ఖాలా చాచా సంగతి చెప్పాము. వారు ఉత్సాహంగా రాసుకున్నారు గాని, అచ్చుకు వెళ్లే ప్రతిలో ఆయన "స్వాతంత్ర్య సమరయోధుడు, షహీద్" అయ్యాడు. అది చదివి వినిపిస్తే ఖాలా ఒప్పుకోలేదు. "బేటా, మా చాచా ఎవరితోనూ యుద్ధం చేయలేదు. జనాన్ని లోపలికి పొమ్మన్నాడు, అంతే. ఉన్నదే రాయండి" అన్నారు. ఉన్నది రాస్తే పుస్తకం శీర్షికకు సరిపోదని మిత్రులన్నారు. చివరికి ఆ పేరు పుస్తకంలో లేకుండానే పోయింది.

ఆ మిత్రులను మేము తప్పుపట్టటం లేదు. ఈ దేశానికి మీరేమిచ్చారన్న ప్రశ్న పొద్దున లేస్తే వినవలసి వస్తున్న కాలమిది. బడిలో పిల్లవాడిని అడుగుతారు, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు మాటల్లో కాకపోయినా చూపులో అడుగుతారు. జవాబుగా చూపటానికి ఒక జాబితా చేతిలో ఉండాలని ఎవరికి ఉండదు? కాని ఆ ప్రశ్నకు జవాబు చెప్పటం మొదలుపెట్టిన నాడే దానిని న్యాయమైన ప్రశ్నగా మనం అంగీకరించినట్లు. పౌరుడి హక్కు రాజ్యాంగం ఇచ్చినది. తాతముత్తాతల శవాలను తూకం వేసి కొనుక్కున్నది కాదు. మన మృతులను విధేయతా ధృవపత్రాలుగా మార్చుకుంటే, ధృవపత్రం కాలేని మృతులు ఖాలా చాచాలాగా జాబితాలోంచి జారిపోతారు. అటువంటివారే ఎక్కువ.

ఆయన సేవ విలువ తెలియాలంటే ఒక సంగతి గుర్తుచేసుకోవాలి. 1938 జులైలో రంగూన్‌లో ముస్లింలపై దాడులు జరిగాయి. ఒక పుస్తకంలోని రాతలు కారణంగా చూపి రేపిన అల్లర్లు అవి. వాటి వెనుక భారతీయుల మీద, వారి వడ్డీల మీద, ఉద్యోగాల మీద పేరుకున్న కసి ఉన్నది. ఖాలా తల్లి ఆ రోజుల గురించి చెప్పేవారు: దుకాణం నెలకు పైగా మూసి ఉంచారట. మూడేళ్లు తిరిగాక అదే నగరంలో ఆ ఇంటి కుర్రవాడు చేతికి పట్టీ కట్టుకుని ఇరుగుపొరుగును కాపాడటానికి వెళ్లాడు. గొందిలో ఉన్నది ఎవరు, బర్మీయులా, తెలుగు కూలీలా, చీనావారా అని అడిగి ఉండడు. అలా అడగకపోవటం ఆయన గొప్పతనమని మేము వ్యాఖ్యానిస్తే ఖాలా ఊరుకోరు. గొందిలో అందరూ తెలిసినవాళ్లే కదా అంటారు.

ఇది ఎనభై ఏళ్లనాటి ముచ్చట అనుకునేవారికి 2025 మే 7 గుర్తుచేస్తాము. ఆ రోజు పూంచ్‌లో ఫిరంగి గుండ్లు పడి పౌరులు మరణించారు. వారిలో ఒకరు మదర్సాలో పిల్లలకు పాఠాలు చెప్పే ఉపాధ్యాయుడు. గంటలు గడవకముందే కొన్ని టీవీ చానళ్లు ఆయనను ఉగ్రవాది అని ప్రసారం చేశాయి. అది అబద్ధమని పూంచ్ పోలీసులే ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. తరువాత అక్కడి న్యాయస్థానం కేసు నమోదు చేయమని ఆదేశించింది. దుఃఖించవలసిన రోజుల్లో ఆ కుటుంబం పేరు కాపాడుకోవటానికి పోరాడింది. రంగూన్ మృతుడికి రాసేవాడు లేక పేరు పోయింది. పూంచ్ మృతుడికి తప్పుగా రాసేవారు ఎక్కువై పేరు పోబోయింది. ఆ కుటుంబాన్ని నిలబెట్టినది ఏమిటి? ఆయన ఎవరో, ఎక్కడ పనిచేసేవాడో, ఎన్నేళ్లుగానో వెంటనే చెప్పగలిగిన మనుషులు, చూపగలిగిన కాగితాలు.

యాదృచ్ఛికమే గాని, అదే మే 7న దేశమంతటా పౌర రక్షణ విన్యాసాలు జరిగాయి. విశాఖపట్నంలో, హైదరాబాదులో కూడా సైరన్లు మోగాయి. 1968 నాటి పౌర రక్షణ చట్టం ఇప్పటికీ అమలులో ఉన్నది, దాని కింద వాలంటీర్లను తీసుకుంటారు. మన పిల్లలు అందులో చేరాలని మేము కోరుతాము. నిరూపించుకోవటానికి కాదు. వరద వచ్చినా, నిప్పంటుకున్నా ముందుగా కావలసింది పక్కింటి మనిషే కనుక. చేరే ముందు ఒక్క పని చేయమంటాము. దళం రిజిస్టరులో తమ పేరు, తండ్రి పేరు, చిరునామా సరిగ్గా నమోదైనదో లేదో కళ్లారా చూసుకోవాలి. గుమాస్తా బుద్ధి అని నవ్వవచ్చు. రంగూన్ దళానికి కూడా ఒక రిజిస్టరు ఉండే ఉంటుంది. దానిని వెంట తెచ్చినవాడెవడూ లేడు.

ఖాలా చెప్పినది మేము నాలుగు పొడుగు కాగితాల మీద రాశాము. కాకినాడ శాఖవారు చెప్పినది కూడా పక్కనే రాశాము, దేనినీ కొట్టివేయలేదు. జీతం మాట కూడా ఉంచాము, ఖాలాకు ఇష్టం లేకపోయినా. ప్రతి వాక్యం పక్కన అది ఎవరు చెప్పారో, వారికి ఎవరు చెప్పారో రాశాము. ఒక ప్రతి ఆ ఇంట్లో, ఒకటి మస్జిద్ కమిటీ బీరువాలో, ఒకటి కాకినాడలో ఉన్నది. ఇందుకు మాకు పట్టినది రెండు మధ్యాహ్నాలు. ఖర్చు జిరాక్సులకు నలభై రూపాయలు. ఇదే విధంగా రంగం నుంచి నడిచివచ్చిన మరో మూడు ఇళ్ల సంగతులు రాయటం మొదలుపెట్టాము. ఒక ఇంటికి వెళ్లేసరికి తెలిసిన పెద్దాయన రెండు నెలల క్రితమే వెళ్లిపోయారని చెప్పారు. ఇన్నా లిల్లాహి. కొడుకుకు ఊరి పేరు తప్ప ఏమీ తెలియదు.

ఖాలా కాగితాలలో మరణించిన స్థలం అన్నచోట ఖాళీ ఉన్నది. గొంది పేరు ఆమెకు గుర్తు లేదు. దుకాణానికి ఎదురుగా ఒక చీనావాడి చెప్పుల అంగడి, మలుపులో నీళ్ల కుళాయి, శుక్రవారం నమాజుకు మొగల్ వీధిలోని సూర్తీ మస్జిదుకు నడిచి వెళ్లేంత దూరం, ఇవి మాత్రమే తల్లి చెప్పిన గుర్తులు. పాఠకులలో రంగం వెళ్లివచ్చిన కుటుంబాలవారు ఉండి, ఆ మస్జిదు చుట్టుపక్కల గొందుల గురించి పెద్దలు చెప్పగా విన్నది ఏదైనా ఉంటే, ఎంత చిన్న సంగతైనా సరే, పత్రిక కార్యాలయానికి రాయవలసిందిగా కోరుతున్నాము.